తొంభై మందికి అరవై కుర్చీలు

“మీకు కుర్చీ లేదు మేడమ్. ప్రస్తుతానికి ఇంటి నుంచే చేసుకోండి.”

మా మేనేజరు ఈ మాట నవ్వుతూ అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఇళ్ళల్లో గోల కస్టమర్లకు వినిపిస్తోంది, సోమవారం నుంచి అందరూ ఆఫీసుకు రావాల్సిందే, రాలేనివాళ్ళు మానేయండి అని మెయిల్ పెట్టింది మీరే కదా! ఇప్పుడెక్కడ కూర్చోమంటారు, మీ నెత్తి మీదా?”

“అందరూ ఇళ్ళ నుంచి చేస్తున్నారని అప్పట్లో పై అంతస్తు ఖాళీ చేసేశాం. మెయిల్ పెట్టేటప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదండీ. తొంభై మందిని పిలిచాం, కుర్చీలు అరవై ఉన్నాయి.”

“పిలిచి పీట వెయ్యకపోతే మానె, కుర్చీలున్నాయో లేవో లెక్క చూసుకోవద్దా?”

“ఇంత చిన్నదానికి అంత కోపమెందుకు మేడమ్? కొత్త కుర్చీలు రావడానికి నెల పడుతుంది. అందాకా హాయిగా ఇంట్లో ఉండొచ్చు, మీకే మంచిది.”

ఇంకొక్క మాట వింటే చెయ్యి చేసుకునేదాన్ని. హెడ్‌సెట్ సంచిలో కుక్కుకుని ఇంటికొచ్చేశాను. తలుపేసుకుని ఫిర్యాదుల ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది.

ఎనిమిది నెలల పాపను ఈ ఆఫీసు కోసం నిన్ననే మా అక్క దగ్గర వదిలి వచ్చాను. బస్సులో ఆరు గంటల దూరం.

సాయంత్రం లోపు నలభై మందితో మాట్లాడాను. వెనకాల పిల్ల ఏడుస్తోందని ఒక్కరూ అనలేదు.