పైన మాట్లాడుతున్నది

రెండో పాట మధ్యలో ఎవరో బయటి నుంచి గోడను కొట్టారు.

టక్. టక్. టక్.

గిటారు మీద వెస్లీ చేయి ఆగిపోయింది. పాడుతున్న ముప్పై నలుగురూ ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు.

బెల్లంపల్లిలోని ఆ పాత గోదాములో వాళ్లు ఆదివారం ప్రార్థనలు మొదలుపెట్టి ఏడు నెలలైంది. నర్సు పని చేసే మహిమ, ఆమె తమ్ముడు వెస్లీ, స్నేహితులు ప్రణయ్, దెబోరా, ఇంకో ఇద్దరు కలిసి పెట్టిన సంఘం. అందరూ పాతికేళ్ల లోపువాళ్లే. ఏ మిషనుకూ చెందరు. పెద్ద పాస్టరంటూ లేడు, వంతులవారీగా వాక్యం చెబుతారు. ప్రార్థన అయ్యాక ఆస్పత్రికి వెళ్లి, నా అన్నవాళ్లు లేని రోగుల పక్కన కూర్చుంటారు.

"దేవుని ఇంటికి వచ్చినోళ్లను నువ్వెవరని అడగొద్దు" అంటుంది మహిమ ప్రతి వారం.

కానీ మొన్న నలుగురు మనుషులు బజారులో వెస్లీని ఆపారు. "మీ ఎనుక ఎవలున్నర్రా? పాటలు మీరే బంద్ జేస్తరా, మమ్ముల జెయ్యమంటరా?" అని అడిగారు. అప్పటి నుంచి తలుపు కదిలినా అందరూ అటే చూస్తారు.

గోడ మీద చప్పుడు ఆగింది. ముందు తలుపు తెరుచుకుంది.

అరవై దాటిన మనిషి. మూడు రోజుల ముసురుకు తడిసిన చొక్కా, మాసిన గడ్డం, చేతిలో పొడుగాటి కర్ర.

చెప్పులు విడవలేదు. ఎవరి ముఖమూ చూడలేదు. నేరుగా నడిమధ్యకు వచ్చి, కర్ర ఎత్తి పైనున్న దూలాన్ని కొట్టాడు. తల పక్కకు వంచాడు. మళ్లీ కొట్టాడు.

"ఇగ లేవుండ్రి. బయటికి నడువుండ్రి."

"ఎవలు నువ్వు? నిన్ను ఎవలు పంపిండ్రు?" వెస్లీ గిటారు పక్కన పెట్టి లేచాడు.

"ఎవ్వలు పంపలే. పైన మాట్లాడుతున్నది. ఇనబడ్తలేదా?"

ఎవరికీ ఏమీ వినబడలేదు.

"దేవుణ్ని ఎక్కిరిస్తుండు" అన్నాడు ప్రణయ్ పళ్లు కొరుకుతూ.

దెబోరా మహిమ చేయి గట్టిగా పట్టుకుంది. "అక్కా, బయట ఇంకెంతమంది ఉన్నరో. పోతే కొడ్తరు."

మహిమకూ అదే భయం. ఏం కావాలి తాతా అని అడగబోయింది.

ఆలోపే ముసలాయన ఆమె భుజం పట్టి లాగాడు.

"బిడ్డా, నీకు దండం పెడ్త. ఒక్కలు గూడ ఉండొద్దు."

అక్క మీద చేయి పడగానే వెస్లీకి ఒళ్లు తెలియలేదు. ప్రణయ్, అతనూ కలిసి ఆ మనిషిని రెక్కలు పట్టి ఈడ్చారు. గుమ్మం బయటికి నెట్టి, తలుపు మూసి గడియ పెట్టారు.

తలుపు దబదబ మోగింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు.

"పోయిండు" అంది దెబోరా.

అంతలోనే కిటికీ అద్దం భళ్లున పగిలింది. రాయి వచ్చి నేల మీద పడింది. వెంటనే ఇంకొకటి.

"సంపుత! ఒక్కొక్కల్ని సంపుత! ఉరుకుండ్రి!" బయటి నుంచి అదే గొంతు.

పిల్లలు కెవ్వుమన్నారు.

"ఎనుక తలుపు!" అని అరిచింది మహిమ.

చెప్పులు, బైబిళ్లు, గిటారు ఎక్కడివక్కడ వదిలేసి, పిల్లల్ని చంకనేసుకుని వెనక గల్లీలోకి పరుగెత్తారు. గల్లీ మలుపు దగ్గర మహిమ అందరినీ చూసుకుంది. ఒక్కరూ తగ్గలేదు.

వెనక్కి తిరిగింది. తెరిచి ఉన్న వెనక తలుపులోంచి గోదాము లోపల ముసలాయన కనిపించాడు. పగిలిన కిటికీలోంచి దిగి, పరదా వెనక, బల్లల కింద వంగి వంగి వెతుకుతున్నాడు.

"మనకోసమే ఎతుకుతుండు!" దెబోరా ఏడుపందుకుంది.

అప్పుడు కట్టె విరిగినట్టు పెద్ద చప్పుడైంది. దూలం వంగింది. కప్పు బండలన్నీ ఒక్క పెట్టున కూలిపోయాయి.

దుమ్ము అణిగాక వెస్లీ భయం భయంగా గోదాము ముందుకు వెళ్లి చూశాడు.

రోడ్డు మీద గుంపు లేదు. రాళ్లు పట్టుకున్నవాళ్లు లేరు. ఎవరూ లేరు.

మధ్యాహ్నానికి బండలు తొలగించి శవాన్ని తీశారు. చూడవచ్చిన వాళ్లలో పర్శరాములు అనే పాత గనికార్మికుడు ముఖం గుర్తుపట్టి తల బాదుకున్నాడు.

"మా హనుమండ్లు సర్దార్! బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు చేసిండు. కర్రతోని కప్పు కొట్టి, సప్పుడు ఇని, మనుషులు లోపల ఉండాల్నో వద్దో చెప్పేటోడు. కూలే ముందు కప్పుల సన్నగ సప్పుడైతది. మాట్లాడుతున్నదంటం మేం. ఆయనకు ఇనబడ్డట్టు ఇంకెవ్వలికి ఇనబడకపోయేది."

వెస్లీ వంగి ఆ ముఖం మీది దుమ్ము తుడిచాడు.

సాయంత్రం మహిమ ఆయన ఇంటికి వెళ్లింది. హనుమండ్లు భార్య బాలవ్వ గడప మీద కూర్చుని ఉంది. మహిమ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

"మేమే నూకేసినం అవ్వా. దుష్మన్ అనుకున్నం. అయినా అటు దిక్కు ఆయనకేం పని? మమ్ముల ఎట్ల జూసిండు?"

బాలవ్వ కొంగుతో ఆ పిల్ల ముఖం తుడిచింది.

"నాలుగు నెలల సంది ఐతారం ఐతారం మీ గోదాము గోడకు ఆనుకొని బయటనే కూసుంటుండె బిడ్డా; పొద్దుగాలనే ఏడికి పోతున్నవయ్యా అంటే, మా సంఘానికి అంటుండె."