హెల్పరు

ఫెబా ఆ కాగితాన్ని నా బల్ల మీదికి విసిరింది. “చూడు తాతా, నీ సలహా.”

ఆళ్లగడ్డ విత్తనాల కొట్లో ఆ పిల్ల ఆరేళ్లుగా లెక్కలు రాస్తోంది. సి.ఏ. చదవాలా, సి.ఎం.ఏ. చదవాలా అని మొన్న నంద్యాల వచ్చి నన్నడిగింది. సి.ఏ.కి ఉద్యోగం మానేసి ఆడిటరు దగ్గర రెండేళ్లు శిక్షణకు ఉండాలి, సి.ఎం.ఏ.కి చేసిన పనే లెక్కకొస్తుంది, ఏ పని చేశావో యజమాని చేత రాయించుకో అన్నాను. నేను పదో తరగతి లెక్కల్లోనే తప్పి, తర్వాత పద్దుల పనంతా సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఆ కథ మొదలుపెడితే ఈ పోస్టుకార్డు చాలదు.

యజమాని రాసిచ్చాడు: “హెల్పరుగా పనిచేసినది.”

నాకు ఒళ్లు మండింది. ఫెబా కూడా వినాలని స్పీకరు పెట్టి యజమానికి ఫోను చేశాను.

“ఏందప్పా వేణుమాధవ్, ఇన్నేండ్లు నీ జీఎస్టీ రిటర్నులు వేసింది హెల్పరా? అన్నం తింటాండావా, గడ్డి తింటాండావా?”

“అరుస్తావెందుకన్నా? జీతాల రిజిస్టరులో ఉండేదే రాసిచ్చినా. హెల్పరని చూపితే తక్కువ జీతంతో సరిపోతాదని చెప్పింది నువ్వే. ఏటా వచ్చి ఆ రిజిస్టరు రాసిపోయేదీ నువ్వే గదా.”

ఫోను పెట్టేశాను. తిట్లన్నీ నోట్లోనే ఉన్నాయి, తిట్టడానికి ఎదుటి మనిషే మిగల్లేదు.

ఫెబా కాగితాన్ని చించి నా బల్ల మీదే పెట్టింది.

“రెండేండ్లు ఆడిటరు దగ్గరే కూర్చుంటాలే,” అంది. “ఆ ఆడిటరు నీకు తెలిసినోడైతే ఇప్పుడే చెప్పు. ఇంకొకాయన్ని చూసుకుంటా.”