శనివారం సిట్టింగు

"ఇవాళ నువ్వు తాగాల్సిందే! మా కళ్ళ ముందే గ్లాసు ఖాళీ చెయ్యాల్సిందే!" అంటూ రాయప్ప యేసురాజు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

యేసురాజు దొరికిపోయాడు! ఈస్టర్ పండగ నుంచీ ప్రతి శనివారం గ్లాసు అందుకోవడం, మిగతా ఇద్దరూ మాటల్లో పడగానే వెనకున్న మామిడిచెట్టు మొదట్లో ఒంపేయడం, ఏమీ ఎరగనట్టు మూతి తుడుచుకోవడం. ఎంత నేర్పుగా లాక్కొచ్చాడో! ఇవాళ రాయప్ప కంట పడనే పడ్డాడు.

"వాడిష్టం లేరా, వదిలెయ్. బలవంతం దేనికి?" అన్నాడు సురేష్ బాబు కంగారుగా. ముగ్గురిలోకీ పెద్దవాడు ఆయన. సీసా తెచ్చేదీ, కలిపేదీ, పోసేదీ ఆయనే. ఇంకొకళ్ళని ఆ సీసా ముట్టుకోనివ్వడు.

"వదిలేదేంటన్నా? తాగట్లేదంటే వీడు రేపో మాపో రావడం కూడా మానేస్తాడు. అప్పుడు మనిద్దరం మొహమొహాలు చూసుకుంటూ కూర్చోవాలా? తాగాడా సరే. లేదంటే ఈ శనివారంతో సిట్టింగు బంద్!"

బంద్! ఆ మాట వినగానే యేసురాజుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

తిరువూరులో ఈ ముగ్గురూ పనిచేసే విత్తనాల గోడౌన్ వాళ్ళకి శనివారం సాయంత్రమంటే మామూలు సాయంత్రం కాదు మరి. ఒకప్పుడైతే షట్టరు దించడం ఆలస్యం, వెనక మామిడితోటలో పట్టా పరిచేవాళ్ళు. పట్టా చాలక కొందరు ఖాళీ గోతాలు వేసుకుని కూర్చునేవాళ్ళు. సోడా తప్ప ఇంకేమీ ముట్టని ఖాజావలి అయితే కబుర్ల కోసమే వచ్చి, తాగినవాళ్ళకంటే ఎక్కువ గోల చేసేవాడు. ఆయన కాస్తా విస్సన్నపేట బ్రాంచికి మారిపోయాడు. పోనీ కొత్తగా చేరిన కుర్రాళ్ళు వస్తారా అంటే, ఒకడికి జిమ్ము, ఒకడికి డైటు, ఇంకొకడికి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లే ఊడవు. "బై సార్" అనేసి బండెక్కేస్తారు. అంత పెద్ద పట్టా మీద చివరికి మిగిలింది ముగ్గురే ముగ్గురు! వారమంతా ఓనరు చేత తిన్న చీవాట్లు ఇక్కడికొచ్చాకే కదా, కడుపుబ్బ నవ్వుకునే కబుర్లయ్యేది! ఇది కూడా పోతే ఇక బతుకులో మజా ఏముంది?

మరి రిబ్కాకిచ్చిన మాటో? ఈస్టర్ ఆరాధన అవగానే చుక్క ముట్టనని భార్యకి ప్రమాణం చేశాడు. పిచ్చిది, సంతోషంతో చర్చి మెట్ల మీదే ఏడ్చేసింది.

"తాగరా. నా మాట విను, ఏం కాదు," అని రాయప్ప గ్లాసు చేతిలో పెట్టాడు.

మానేశానని చెప్పేద్దామని యేసురాజు నోరు తెరిచాడు. చుట్టూ ఖాళీ పట్టా కనిపించింది. నోరు మూసుకున్నాడు.

ప్రభువా, ఈ ఒక్కసారికి క్షమించు! ఇంటికెళ్ళి రిబ్కా కాళ్ళయినా పట్టుకుంటాను! వాసన తగిలితే మనసు జారుతుందని ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. గటగటా తాగేశాడు.

నాలిక్కి తగిలింది మందు కాదు. డికాషన్! చక్కెర లేని, చల్లారిపోయిన టీ డికాషన్!

కళ్ళు తెరిచాడు. ఎదురుగా సురేష్ బాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. సీసా ఒళ్ళో దాచుకుని, చెప్పొద్దురా అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

ఓర్నీ! అన్న కూడా మానేశాడన్నమాట! మానేశానంటే ఉన్న ముగ్గురూ చెదిరిపోతారని భయపడ్డాడన్నమాట, అచ్చం తనలాగే! ఇన్నాళ్ళూ మామిడిచెట్టుకి పోసింది కూడా టీయే! యేసురాజుకి లేచి గంతులెయ్యాలనిపించింది. రిబ్కాకిచ్చిన మాటా నిలిచింది, సిట్టింగూ నిలిచింది! ఎటొచ్చీ ఈ రాయప్పకి మాత్రం తెలియకూడదు. పాపం, ఈ డికాషనే మందనుకుని వారం వారం తూలుతూ పాటలు పాడుతున్నాడు. తెలిసిందంటే తోట దద్దరిల్లేలా అరిచి, చెప్పులేసుకుని వెళ్ళిపోతాడు.

"అబ్బా! ఏం ఘాటుందన్నా!" అని యేసురాజు మూతి తుడుచుకున్నాడు.

సురేష్ బాబు హమ్మయ్య అనుకుని, మిరపకాయ బజ్జీల పొట్లం విప్పడానికి అటు తిరిగాడు.

రాయప్ప తన గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు. మొహమంతా చిట్లించి, "హా!" అని తల విదిలించి, యేసురాజు చెవి దగ్గరికి వంగాడు.

"మొహం ఇంకాస్త చేదుగా పెట్టాలిరా. ఈస్టర్ తర్వాతి వారం నుంచీ నేను పెట్టట్లా?"