పక్క మునుం

రమణికి ఒకటే భయం. మూడేళ్ల కూతురు దీవెన తనని మర్చిపోతుందేమోనని.

అందుకే ఒమన్ దేశంలో, సూర్‌లో ఆ ఇంట్లో పనికి చేరిన దగ్గర్నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి అరగంట ఫోను. ఊళ్లో రమణి అక్క, పిల్లని ఒళ్లో కూచోబెట్టుకుని చూపించేది. రుఖయ్యా మేడం మంచిది, ఆ అరగంటా ఏ పనీ చెప్పదు.

సిగ్నలు పెరట్లోనే బాగా వస్తుంది. పెరటి పక్కనే ఇస్త్రీ గది. అందులో లిగాయా.

ఫిలిప్పీన్స్ మనిషి. యాభై దాటాయి. నడుం పట్టేసినప్పుడల్లా బయటికొచ్చి కాసేపు వాళ్లూరి డాన్సు ఆడేది. వంగి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, లేని నారుకట్టలోంచి తీసి గచ్చు మీద నాటేది.

"ఇవి ఊడ్పులే! మీకూ ఉన్నాయా అక్కా?" నవ్వింది రమణి మొదటిరోజు.

"ఊరంతా కలిసి నాటాలి. ఊరంతా కలిసి ఆడాలి," అంది లిగాయా వచ్చీరాని హిందీలో.

ఉన్నట్టుండి పక్కకి గెంతి అక్కడా నాటింది.

"నీ మునుం, నీ వరస వదిలి పక్కదాన్లో దూరతావేం? మా మేస్త్రీ అయితే తిట్టిపోసేవాడు."

"ఆ వరస మనిషి గట్టు మీద బిడ్డకి పాలిస్తోంది. వచ్చేదాకా అదీ నాదే."

"గాల్లో నాట్లకి కూడా సాయమా తల్లీ!"

ఫోన్లోంచి చూస్తున్న దీవెన కిలకిలా నవ్వింది.

నాలుగు నెలలు తిరిగేసరికి, ఫోనెత్తగానే పిల్ల అడగడం మొదలెట్టింది. "డాన్సు అమ్మ ఏదీ?"

"అమ్మని నేనే!"

"నువ్వు కాదు. డాన్సు అమ్మ."

ఆ పూట రమణికి ముద్ద దిగలేదు.

మర్నాడు మేడంతో చెప్పేసింది. "లిగాయా పని మానేసి పెరట్లో గెంతుతోంది."

మేడం వెళ్లి చూసింది. ఇస్త్రీ బట్టల గుట్ట అలాగే ఉంది. అడిగితే లిగాయా తలొంచుకుని ఇస్త్రీపెట్టె అందుకుంది.

శనివారం లిగాయాని తీసుకుపోవడానికి ఏజెన్సీ కారొచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"ఐదింటికి పిల్ల ఎదురుచూస్తుంది. మర్చిపోకు."

ఐదింటికి రమణి ఫోను తీసుకుని పెరట్లోకి నడిచింది.

"ఎక్కడికి?" మేడం గొంతు.

"మీరు రోజూ ఇచ్చే అరగంట, మేడం."

"నేనెప్పుడిచ్చాను? నీ వంతు ఇస్త్రీ కూడా తనే చేస్తానంది లిగాయా, నిన్ను పిల్లతో మాట్లాడనివ్వమంది. పని ఒప్పుకుని గెంతుతోందని నువ్వే చెప్పావుగా. ఇక నీ వంతు బట్టలు నువ్వే చూసుకో."

ఇప్పుడు రమణి పని తెమిలేసరికి అక్కడ పిల్ల పడుకుంటుంది. ఎప్పుడో ఒక శుక్రవారం దొరికితే, తెరకేసి కొత్తగా చూసి అక్క భుజంలో మొహం దాచుకుంటుంది.

"ఎవరే ఆవిడ?" అక్క గారంగా అడుగుతుంది.

దీవెన చెప్పదు.

ఒకసారి రమణి గచ్చు మీద వంగి, వెనక్కి నాలుగడుగులేసి చూపించింది. పిల్ల నవ్వలేదు.

మీకు ఒమన్‌లో ఎక్కడైనా, ఏ ఏజెన్సీ గదిలోనైనా, వెనక్కి వెనక్కి అడుగులేసే యాభై దాటిన మనిషి కనబడితే, అన్నం తిన్నదో లేదో ఒక్కసారి కనుక్కోండి; ఇన్నాళ్లూ గట్టు మీద కూచున్న పిల్లతల్లి రమణి, రమణి మునుం కూడా నాటింది ఆ మనిషే.