పూచీ

"సొంత డబ్బు బ్యాంకులో కట్టి, అంతే మొత్తం అప్పుగా వాడుకుంటావా? మతి పోయిందా అక్కా నీకు?" కౌంటరు ముందే తమ్ముడు ఎగిరిపడ్డాడు.

"నీ కారు అప్పుకి పూచీ పడ్డ రోజే పోయిందిరా," అంది టైలరక్క. వాడు వాయిదాలు ఎగ్గొట్టాక ఆమె క్రెడిట్ స్కోరూ పడిపోయి, కొత్త కుట్టుమిషనుకి కూడా ఎక్కడా అప్పు పుట్టలేదు.

క్లర్కమ్మ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డులు రెండు చూపించింది. "దీనికి ఫీజు లేదు. కానీ ఎంత సరిగ్గా కట్టినా మీ స్కోరులోకి ఎక్కదు. దీనికి ఫీజుంది, కట్టిందల్లా ఎక్కుతుంది."

"ఫీజు లేనిదే తీసుకో. దాని మీదే నా పేరున ఇంకో కార్డు కూడా ఇస్తారట."

పిలవకుండానే వీడు వెంట ఎందుకొచ్చాడో ఆమెకు అప్పుడర్థమైంది.

"స్కోరు పెరిగేదే ఇవ్వండి. ఒక్కటి చాలు," అని ఫారం లాక్కుని గబగబా సంతకం చేసింది.

"అయ్యో, పూచీదారు గడిలో పెట్టేశారు! మీది పైగడి."

తమ్ముడు పకపకా నవ్వాడు. "అలవాటులో పొరపాటు!"

"దీనికి పూచీదారు అక్కర్లేదమ్మా, మీ డిపాజిట్టే పూచీ. కిందిది కొట్టేయండి."

ఆమె పైగడిలోనూ సంతకం పెట్టింది. కిందిది మాత్రం కొట్టేయలేదు.

"ఉండనివ్వండి. ఇన్నాళ్లకి సరైన మనిషికి పూచీ పడ్డాను."