కోట మీది పాట

“ఒంగోలులో ఉన్న పాట మన ఊరు వచ్చేసరికి ఏమైంది మీరావలీ?”

మ్యాట్నీ ముగిసి జనం వెళ్ళిపోయినా పిచ్చమ్మగారు ప్రొజెక్టరు గది గుమ్మంలోంచి కదలలేదు. గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఆవిడకు, గడువు దాటిన పుస్తకం తెచ్చినవాణ్ణి నిలబెట్టి అడిగే అలవాటు ఇంకా పోలేదు.

“ఏ పాటండీ?” అన్నాడు ఆపరేటరు మీరావలి, రీలు డబ్బాలు సర్దుతూ.

“కోట మీద సైనికులు కత్తులు పట్టుకుని గంతులేసే పాట. ఆ కత్తివీరుడి నవల నేను నాలుగుసార్లు చదివాను. అందులో అతడు ప్రాణం మీదికొచ్చినా పాడడు. ఈ సినిమాలో తుమ్మొచ్చినా పాడుతున్నాడు. అది వేరే తగాదా. టిక్కెట్టు కొన్నాక ఎంత పనికిమాలిన పాటైనా పూర్తిగా చూపించాలి. నువ్వు కోసినట్టు మీ ఓనరుకు తెలుసా?”

మీరావలి డబ్బాలు వదిలేసి లేచాడు. ఓనరుకు తెలిస్తే రేపు ఈ గదిలో ఇంకొకడుంటాడు.

“మాస్టారే తియ్యమన్నారమ్మా. నన్ను టీకొట్టుకు పిలిపించి మరీ చెప్పారు. ‘మా ఆవిడకు ఆ పుస్తకమంటే ప్రాణం, ఆ పాట చూస్తే తట్టుకోలేదురా’ అన్నారు. మీమీద అంత ఇది ఆయనకి. కాదనలేకపోయాను.”

పిచ్చమ్మగారు కళ్ళజోడు తీసి, మిరపఘాటు కొట్టే కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆవిడ కళ్ళు చెమర్చాయనుకున్నాడు మీరావలి.

“నేను ఒంగోలులో చూసిన సంగతి ఆయనకు తెలియదు. చెప్పకు. ముక్క దాచావా?”

“దాచానండి.”

“రేపటి మ్యాట్నీకి అతికించు. ఓనరు దాకా వెళ్ళను. మాస్టారిని తీసుకొస్తాను, కింద రెండు సీట్లుంచు. ఆయన బాల్కనీ మెట్లెక్కలేరు. పోయిన వేసవిలో కనిగిరిలో పది రోజులుండి పసరు కట్టించుకొచ్చినా ఆ మోకాళ్ళు లొంగలేదు. మిరపకాయలు ఆరబొయ్యడానికి మేడ మీదికి మూటలు మోసేది ఇప్పటికీ నేనే.”

మర్నాడు చెంచురామయ్య మాస్టారు చేతికర్ర తాటించుకుంటూ, భార్య భుజం పట్టుకుని వచ్చారు. పాట లేదన్న ధీమాతో వేరుశెనక్కాయలు కూడా కొనుక్కున్నారు. అతికించిన రీలు ఎక్కించి, మీరావలి కిందికి వచ్చి వాళ్ళ వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు.

తెర మీద కోట కనిపించగానే మాస్టారు లేవబోయారు. చేతికర్ర మాత్రం పిచ్చమ్మగారి చేతిలో ఉంది.

కనిగిరి కొండ. దానిమీద అట్టలతో కట్టిన కోట. నలభైమంది సైనికులు. రెండో వరసలో, అతికించిన మీసం ఒకపక్క జారిపోతున్న బట్టతల సైనికుడొకడు కత్తి తిప్పుతూ మూడుసార్లు గొంతుక్కూర్చుని లేచాడు. గోడ మీంచి దూకాడు. బురుజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశాడు.

మాస్టారు తెర వంక చూడటం లేదు. వేరుశెనక్కాయల పొట్లంలోకి చూస్తున్నారు.

పిచ్చమ్మగారు అందులోంచి ఒక కాయ తీసుకుని, తాపీగా వలిచి, ఆయన చేతిలో పెట్టారు.

“మీసం మీకు నప్పలేదు గానీ, మోకాళ్ళు దివ్యంగా ఉన్నాయండీ. రేపటినుంచి మూటలతో మేడెక్కేది మీరే.”