పదకొండు లీటర్లు

గొట్టాలు కలిసే గోతిలోకి దిగిన పద్మకుమారి చేతికి దొంగ గొట్టమేదీ తగల్లేదు. తగిలిందల్లా బురద, పావురాల రెట్ట, నానిపోయిన ఒక చెప్పు. మోచేతి దాకా పట్టిన ఆ జిగటను ఆమె గోతి గోడకేసి రాసింది.

గట్టు మీద నిలబడి జీడిపప్పు నములుతున్నాడు నరసింగరావు, ఆ బట్టల దుకాణం యజమాని. నములుతూనే మాట్లాడతాడు. మాట్లాడినప్పుడల్లా నోట్లోంచి పలుకులు ఎగిరి పడతాయి.

"దొరికిందేటమ్మా? సేపలుంటే మాత్రం మీరే అట్టుకెళ్లండి."

ఆమె మళ్లీ బురదలో చెయ్యి పెట్టి వెతికింది.

విజయనగరంలో మూతపడిన సినిమాహాలు ఒకటి కొని, మూడేళ్ల కిందట దాన్ని బట్టల దుకాణం చేశాడతను. ఇప్పుడు దానికి పర్యావరణానికి మేలు చేసే భవనమని గుర్తింపు కావాలి, గుమ్మం పక్కన ఆకుపచ్చ బోర్డు వేలాడాలి. కరెంటూ నీళ్లూ నిజంగా ఆదా అవుతున్నాయో లేదో కొలిచి సంతకం పెట్టడం పద్మకుమారి పని. విశాఖపట్నం నుంచి కంపెనీ పంపితే వచ్చింది. కిందటేడు ఆమె సంతకం చేసిన కల్యాణమండపంలో ఇంకుడుగుంత అనుకున్నది వట్టి మూతేనని తరవాత తేలింది. మూత కింద ఉన్నది గచ్చు. ఇంకొక్క తప్పుడు సంతకం పడితే ఇంటికి వెళ్లిపోవచ్చని మేనేజరు మొహం మీదే చెప్పాడు.

అప్పటినుంచి ఆమెకు ఈ పచ్చదనం మాటంటేనే రోత. తనిఖీ నాటికి మొక్కల కుండీలు అద్దెకు తెచ్చేవాళ్లు, తీగల్లేని సోలారు పలకలు డాబా మీద పరిచేవాళ్లు, చేతిలో స్వీటు పెట్టి వెకిలిగా నవ్వేవాళ్లు. ఆ నవ్వు చూస్తే ఆమెకు స్నానం చేయాలనిపించేది.

ఇక్కడ కరెంటు లెక్కలో వంక పెట్టడానికి లేదు. డాబా మీద తెల్లరంగు వేయించాడు, సినిమాహాలు గుడ్డిగోడలకు కిటికీలు పెట్టించాడు, దీపాలన్నీ మార్చాడు. ఏప్రిల్ ఎండలో కూడా పై అంతస్తులో గాలి ఆడుతోంది. ఆ గాలికి పట్టుచీరల అంచులు అలలు అలలుగా కదులుతుంటే ఒక్క క్షణం ముచ్చటేసి నిలబడిపోయింది కూడా.

మింగుడుపడనిది నీళ్ల లెక్క. ఇలాంటి చోట పనిచేసే మనిషికి రోజుకు నలభై అయిదు లీటర్లు పడతాయి. ఎంత పొదుపు కుళాయిలు బిగించినా పాతిక్కి దిగితే గొప్ప. ఇక్కడ పనివాళ్లు అరవై మంది, అందులో నలభై మందికి పైగా ఆడవాళ్లు. బట్టలు కొనడానికి వచ్చేవాళ్ల వైపు నీళ్లకు మీటరు వేరే ఉంది. పనివాళ్ల మీటరు ప్రకారం మనిషికి పదకొండు లీటర్లు.

మీటరును తప్పించుకుని వచ్చే గొట్టం ఇంకొకటి ఎక్కడో ఉండి తీరాలి.

మొదటిరోజు మీటరుకు సీలు వేసింది. రెండోరోజు బోరు ఆపించి, ట్యాంకులో కర్ర ముంచి గంటగంటకూ కొలిచింది. దొంగచాటుగా నీళ్ల ట్యాంకర్లు వస్తాయేమోనని ఎదురుగా టీ కొట్టులో పొద్దుగూకే దాకా కూర్చుంది. పనిచేసే ఆడవాళ్ల బాత్రూం తలుపు తీయించి చూసింది. గచ్చు పొడిగా తళతళలాడుతోంది, సబ్బు మీద అక్షరాలైనా అరగలేదు. తనిఖీ కోసం పెట్టిన కొత్త సబ్బన్నమాట. ఆ నాటకానికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మూడోరోజు ఈ గొయ్యి.

నిచ్చెనెక్కి పైకి రాగానే నరసింగరావు తన భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. నూనె, చెమట కలిసిన వాసన. ముక్కు బిగబట్టి, ఆమె కుళాయి దగ్గరికి నడిచింది.

"మూడు రోజులయినాది. ఇంకా నాను దొంగనేనా?"

"ఇంత తక్కువ నీళ్లతో ఎలా నడుస్తోందో చెప్పండి. నమ్ముతాను."

"మంచి కుళాయిలెట్టాను. మా మనుషులకి పొదుపు నేర్పాను."

"నేర్పితే వింటారా?"

"మొదట్లో గొణుక్కున్నారమ్మా. ఇప్పుడు అలవాటైపోనాది."

చేయి కడుక్కుంటూ పద్మకుమారి ఆలోచించింది. మూడు రోజుల కొలతా ఒక్కలాగే ఉంది. సీలు చెక్కుచెదరలేదు. ట్యాంకరు రాలేదు, గొట్టం లేదు. మనిషి అసహ్యంగా తింటాడని దొంగ అనుకోవడమేమిటి? ఈసారి రోత తన మీదే పుట్టింది. తన అనుమానం కోసం అతన్ని మూడు రోజులు అందరి ముందూ నిలబెట్టింది.

లోపలికి వచ్చి బల్ల ముందు కూర్చుని, కాగితాలు మళ్లీ ఒకసారి చదివి, సంతకం పెట్టింది. నీళ్ల పొదుపులో ఈ భవనం జిల్లాకే ఆదర్శమని కింద తన చేతిరాతతో ఒక ముక్క కూడా రాసింది. నరసింగరావు ఆ కాగితం కళ్లకద్దుకుని, రెండు కొబ్బరిబోండాలు తెప్పించి, బోర్డు రాసేవాడికి ఫోను చేయడానికి బయటికి వెళ్లాడు.

మూడు రోజులుగా నోటుపుస్తకం పట్టుకుని ఆమె వెనకాలే తిరిగిన రూబీ గోడవార నిలబడి ఉంది. చీరల కౌంటరులో పనిచేసే పిల్ల. కోటబొమ్మాళి నుంచి వచ్చి ఇక్కడ పెద్దమ్మ ఇంట్లో ఉంటోంది. పెదాలు పగిలి ఉన్నాయి. పద్మకుమారి రెండో బోండాం ఆమె ముందుకు జరిపింది.

"వద్దు మేడమ్."

"ఆయనేమీ అనరులే. నేనిస్తున్నాను కదా."

రూబీ బోండాం వంక చూసింది. గుటక మింగి, ఒక అడుగు వెనక్కి వేసింది. బయట ఫోనులో నరసింగరావు నవ్వు వినిపిస్తోంది.

"ఆయన అంటారని కాదు మేడమ్," అంది గొంతు తగ్గించి. "షాపు మూసేదాకా మా బాత్రూం తాళం తియ్యరు."